హిస్టరీని వదిలేయండి, ఆ ఒక్క సైట్ కుకీలు తీసేస్తే చాలు

ఏ వెబ్‌సైట్ మొరాయించినా హెల్ప్‌లైన్ నుంచి వచ్చే మొదటి జవాబు “బ్రౌజర్ హిస్టరీ, కుకీలు క్లియర్ చేసి మళ్లీ ప్రయత్నించండి” అనే. ఇందులో కుకీల సంగతి చాలాసార్లు నిజమే. హిస్టరీని మాత్రం అనవసరంగా లాగుతారు. హిస్టరీ అంటే మీరు తెరిచిన పేజీల జాబితా. అది మీ బ్రౌజర్ కోసం, మీ కోసం ఉన్నది. సైట్‌కి దాన్ని ఎవరూ పంపరు, సైట్ దాన్ని చదవలేదు. దాన్ని తుడిచేస్తే ఎర్రర్ పోదు, రేపు వెతుక్కోవాల్సిన పేజీ పోతుంది. ఒక్క సందర్భంలో పనికొస్తుంది: అడ్రస్ బార్‌లో రెండక్షరాలు కొట్టగానే ఎప్పుడో మూతపడ్డ పాత అడ్రస్ దానంతటదే వచ్చేస్తుంటే. దానికైనా మొత్తం తుడవక్కర్లేదు. కంప్యూటర్‌లో బాణం కీతో ఆ సజెషన్ మీదికి వెళ్లి షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కితే ఆ ఒక్కటీ పోతుంది.

ఎర్రర్లకు కారణమయ్యేవి వేరే మూడున్నాయి. కుకీలు: సైట్ మీ బ్రౌజర్‌కి ఇచ్చి దాచమనే చిన్న సమాచారం, ఆ సైట్‌కి వెళ్లే ప్రతి రిక్వెస్ట్‌తోనూ తిరిగి పంపేది. క్యాచీ: బొమ్మలు, స్టైల్ ఫైళ్లు, స్క్రిప్టుల కాపీలు. మూడోది సైట్ డేటా, అంటే సైట్ మీ బ్రౌజర్‌లో దాచుకునే మిగతా సరుకు: లోకల్ స్టోరేజ్, ఇండెక్స్‌డ్ డీబీ, సర్వీస్ వర్కర్ లాంటివి. ఏది చెడితే ఏ లక్షణం కనిపిస్తుందో తెలిస్తే దాన్నే తీసేయొచ్చు. ఒక్క సైట్ కోసం అన్ని సైట్ల నుంచీ లాగౌట్ అయ్యే పని తప్పుతుంది.

తీసేసే ముందు ఇన్‌కాగ్నిటో

ఏదైనా తుడిచే ముందు అదే పేజీని ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి. క్రోమ్, ఎడ్జ్‌లలో కంట్రోల్, షిఫ్ట్, ఎన్. ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, పీ. మ్యాక్ సఫారీలో కమాండ్, షిఫ్ట్, ఎన్. ఈ విండోలో మీ పాత కుకీలు, క్యాచీ, సైట్ డేటా ఏవీ ఉండవు. అంతకుముందే ఇంకో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి ఉంటే దాన్ని మూసేసి కొత్తది తెరవండి, లేకపోతే క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్‌లలో రెండూ ఒకే కుకీలను పంచుకుంటాయి.

అక్కడ సైట్ బాగా పనిచేస్తే తప్పు మీ బ్రౌజర్‌లో దాచినదాంట్లో ఉందని అనుకోవచ్చు. అయితే వెంటనే తీర్పు ఇచ్చేయకండి. క్రోమ్ ఇన్‌కాగ్నిటోలో ఎక్స్‌టెన్షన్లు కూడా మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. యాడ్ బ్లాకర్ ఒక స్క్రిప్ట్‌ని ఆపేయడం వల్ల బటన్ పనిచేయకపోతే, ఇన్‌కాగ్నిటోలో ఆ బటన్ చక్కగా పనిచేస్తుంది, మీరేమో కుకీలను అనుమానిస్తారు. అందుకే మామూలు విండోలో ఎక్స్‌టెన్షన్లు ఆపి ఒకసారి చూడాలి. ఫైర్‌ఫాక్స్‌లో దీనికోసమే ట్రబుల్‌షూట్ మోడ్ అని ఉంది.

తిరగబడిన కేసు కూడా ఉంది. క్రోమ్ ఇన్‌కాగ్నిటో థర్డ్ పార్టీ కుకీలను, అంటే పేజీలో కనిపించే వేరే సైట్ల కుకీలను, మామూలుగా బ్లాక్ చేస్తుంది. పేజీ మధ్యలో వేరే సైట్ నుంచి వచ్చే లాగిన్ పెట్టె, వీడియో, చెల్లింపు ఫారం లాంటివి ఈ కుకీల మీద ఆధారపడి ఉంటే మామూలు విండోలో నడిచినవి కూడా ఇక్కడ ఆగిపోవచ్చు. కాబట్టి ఇన్‌కాగ్నిటోలో పాస్ అయితే అది గట్టి ఆధారం, ఫెయిల్ అయితే అంత గట్టిది కాదు. ఇంకో బ్రౌజర్‌లోనో, ఇంకో ఫోన్‌లోనో కూడా అదే ఎర్రర్ వస్తే అప్పుడు సైట్ వైపే తప్పనుకోవచ్చు.

లాగిన్ అవుతుంది, వెంటనే మళ్లీ లాగిన్ అడుగుతుంది

అన్నిటికంటే విసిగించేది ఇదే. పాస్‌వర్డ్ కరెక్టే, ఓటీపీ కరెక్టే, ఒక క్షణం లోపలి పేజీ కనిపించినట్టే కనిపించి మళ్లీ లాగిన్ పేజీకి తిరిగొస్తుంది. లేదా “టూ మెనీ రీడైరెక్ట్స్” అని వస్తుంది. సైట్ ఒక పేజీ నుంచి రెండో పేజీకి, అక్కడి నుంచి మళ్లీ మొదటిదానికి తోస్తూ ఉంటే క్రోమ్ 20 మళ్లింపుల దగ్గర విసిగి ఆపేస్తుంది.

దీని వెనక తరచుగా ఉండే కారణం ఒకే పేరుతో రెండు కుకీలు. ఎలాగంటే, సైట్ వాళ్లు మొదట లాగిన్ కుకీని తమ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ అడ్రస్‌కి మాత్రమే ఇచ్చారనుకోండి. తర్వాత లాగిన్, ప్రొఫైల్, పేమెంట్ అంటూ సబ్‌డొమైన్లు, అంటే సైట్ ప్రధాన పేరు (డొమైన్) ముందు ఇంకో పదం తగిలించిన అడ్రస్‌లు, పెట్టి, అదే పేరుతో కుకీని మొత్తం డొమైన్‌కి ఇవ్వడం మొదలెట్టారు. డొమైన్ వేరు కాబట్టి కొత్తది పాతదాన్ని చెరపదు. మీ బ్రౌజర్‌లో రెండూ ఉంటాయి, రెండూ కలిసే వెళ్తాయి. కుకీల ప్రమాణ పత్రం ప్రకారం పాత్ (కుకీ సైట్‌లో ఏ భాగానికి చెందిందో చెప్పేది) ఎక్కువ పొడవున్న కుకీ ముందు వెళ్లాలి, పాత్ సమానమైతే ముందు పుట్టిన కుకీ ముందు వెళ్లాలి. సర్వర్ ప్రోగ్రాం మొదట కనబడ్డదాన్నే తీసుకునే రకమైతే గడువు తీరిన పాత సెషన్, అంటే పాత లాగిన్ గుర్తు, చదివి “నువ్వెవరో తెలీదు, లాగిన్ అవ్వు” అంటుంది. మీరు ఎన్నిసార్లు లాగిన్ అయినా కొత్త కుకీయే మారుతుంది, పాతది కదలదు. లాగౌట్ నొక్కినా అంతే, అది కూడా కొత్తదాన్నే తీసేస్తుంది.

కళ్లతో చూడాలంటే ఎఫ్12 నొక్కి డెవలపర్ టూల్స్ తెరిచి, క్రోమ్‌లో అప్లికేషన్ ట్యాబ్, ఎడమవైపు కుకీస్, దాని కింద సైట్ పేరు. ఫైర్‌ఫాక్స్‌లో అయితే స్టోరేజ్ ట్యాబ్. పేరు, విలువ, డొమైన్, పాత్, గడువు, సైజు అని నిలువు వరసలు కనిపిస్తాయి. పేరు వరస మీద క్లిక్ చేస్తే అక్షర క్రమంలోకి వస్తాయి. ఒకే పేరు రెండు గళ్లలో, ఒకదానికి డొమైన్ ముందు చుక్క ఉండి రెండోదానికి లేకుండా కనబడితే దొంగ దొరికినట్టే. గడువు తేదీ దగ్గర పడ్డదో, చుక్క లేనిదో అని ఊహించి ఒకటి ఉంచే బదులు రెండూ తీసేసి ఒకసారి లాగిన్ అవ్వడమే నయం.

లాగిన్ చక్రం తిరగడానికి ఇంకో కారణం ఎవరికీ తట్టదు: కంప్యూటర్ గడియారం. కుకీ గడువును సైట్ ఒక తేదీగా చెప్పి ఉంటే, మీ కంప్యూటర్ తేదీ ముందుకు జరిగిపోయి ఉన్నప్పుడు కొన్నిసార్లు కుకీ పుట్టగానే చచ్చిపోవచ్చు. ఎన్నిసార్లు క్లియర్ చేసినా లాభం లేదు. తేదీ, సమయం ఆటోమేటిక్‌లో పెట్టాలి.

కుకీలు బరువెక్కితే

“400 బ్యాడ్ రిక్వెస్ట్, రిక్వెస్ట్ హెడర్ ఆర్ కుకీ టూ లార్జ్” అని తెల్ల పేజీ మీద రెండు ముక్కలు వస్తే ఇక అనుమానమే లేదు, కుకీలే. కొన్ని సర్వర్లు ఇదే సంగతిని 431 నంబరుతో చెప్తాయి. బ్రౌజర్ ఒక్కో కుకీకి సుమారు 4096 బైట్ల దాకా ఒప్పుకుంటుంది, ఒక్కో సైట్‌కి పదుల కొద్దీ కుకీలు దాస్తుంది. సర్వర్ మాత్రం అంత ఉదారంగా ఉండదు. అపాచీ అనే సర్వర్ ప్రోగ్రాంలో ఒక హెడర్‌కి (రిక్వెస్ట్‌తో వెళ్లే ఒక్కో సమాచార వరస, కుకీలు వెళ్లేది ఇందులోనే) మామూలు పరిమితి 8190 బైట్లు, ఎన్‌జిన్ఎక్స్ అనే ఇంకో సర్వర్ ప్రోగ్రాంలో ఒక హెడర్ వరసకి 8 కిలోబైట్లు. నిండుగా ఉన్న రెండు కుకీలు కలిస్తే 8192. అపాచీ గీత అక్కడే దాటిపోయింది. ప్రకటనలు, విశ్లేషణలు, ప్రయోగాల కోసం పెట్టే టూల్స్ ఒక్కోటి తన కుకీని తగిలించుకుంటూ పోతే నెలలు గడిచేసరికి ఈ గీత దాటడం పెద్ద వింతేం కాదు. క్రోమ్ 2022 నుంచి ఏ కుకీనైనా 400 రోజులకు మించి ఉంచడం లేదు. అయితే సైట్‌కి వెళ్లినప్పుడల్లా ఆ గడువు కొత్తగా మొదలవ్వొచ్చు.

ఈ ఎర్రర్‌లో హోమ్ పేజీ కూడా తెరుచుకోదు కాబట్టి లాగౌట్ అయ్యే దారే ఉండదు. రీలోడ్ వల్ల ఉపయోగం లేదు, అవే కుకీలు మళ్లీ వెళ్తాయి. కాకపోతే ఎర్రర్ పేజీ మీద ఉన్నా అడ్రస్ పక్కనున్న గుర్తు పనిచేస్తుంది, అక్కడి నుంచే తీసేయొచ్చు.

పేజీ పాతది, లేదా బట్టల్లేని పేజీ

రంగులు, వరసలు పోయి ఉత్త అక్షరాలూ నీలం లింకులూ మిగిలితే స్టైల్ ఫైల్ రాలేదని అర్థం. సగం డౌన్‌లోడై క్యాచీలో చెడిపోయి ఉండొచ్చు, లేదా సైట్ కొత్త వెర్షన్‌కి మారితే మీ దగ్గర పాత ఫైల్ ఉండిపోయి ఉండొచ్చు. దీనికి కుకీల జోలికే పోనక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఆర్ నొక్కితే క్యాచీని పక్కనపెట్టి అన్నీ కొత్తగా తెస్తుంది. మ్యాక్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లకి కమాండ్, షిఫ్ట్, ఆర్. సఫారీలో కమాండ్, ఆప్షన్, ఆర్. క్రోమ్‌లో ఎఫ్12 తెరిచి ఉంచి రీలోడ్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే క్యాచీ ఖాళీ చేసి హార్డ్ రీలోడ్ చేసే ఆప్షన్ కూడా వస్తుంది. ఎఫ్12 తెరవకపోతే ఆ మెనూ రాదు, అందుకే చాలామందికి అది కనపడదు.

హార్డ్ రీలోడ్ చేస్తే కొత్త పేజీ, మామూలుగా రీలోడ్ చేస్తే మళ్లీ పాత పేజీ వస్తుంటే మాత్రం క్యాచీని అనకండి. అది సర్వీస్ వర్కర్ పని. సైట్ తన తరఫున మీ బ్రౌజర్‌లో కూర్చోబెట్టే స్క్రిప్ట్ అది, పేజీలను తన సొంత నిల్వ నుంచి ఇస్తుంది. హార్డ్ రీలోడ్ దాన్ని ఆ ఒక్కసారికి దాటవేస్తుంది, అంతే. కొత్త సర్వీస్ వర్కర్ వచ్చినా, ఆ సైట్ ట్యాబులన్నీ మూసేదాకా పాతదే కుర్చీలో ఉంటుంది. రీలోడ్ చేయడం మూసినట్టు కాదు. ముందు ఆ సైట్ ట్యాబులన్నీ మూసి మళ్లీ తెరవండి. కుదరకపోతే ఎఫ్12, అప్లికేషన్, సర్వీస్ వర్కర్స్‌లో అన్‌రిజిస్టర్ నొక్కండి. ఒక చిక్కుంది: క్లియర్ చేసే పెట్టెలో “క్యాచ్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్” ఒక్కటే టిక్ చేస్తే సర్వీస్ వర్కర్ పోదు. అది “కుకీస్ అండ్ అదర్ సైట్ డేటా” కింద ఉంటుంది.

శాశ్వత మళ్లింపు, అంటే 301, కూడా క్యాచీలో ఉండిపోతుంది. సైట్ వాళ్లు పొరపాటున ఒక అడ్రస్‌ని ఎక్కడికో మళ్లించి తర్వాత సరిచేసుకున్నా, మీ బ్రౌజర్ సర్వర్‌ని అడగకుండానే పాత దారిలో తీసుకెళ్తుంది. దీనికి క్యాచీ క్లియర్ చేయాలి.

ఫారం నింపి పంపాక “419 పేజ్ ఎక్స్‌పైర్డ్” అనో, “సీఎస్‌ఆర్‌ఎఫ్ వెరిఫికేషన్ ఫెయిల్డ్” అనో వస్తే, ఫారంలో దాచిన రహస్య సంఖ్యకీ మీ సెషన్‌కీ పొంతన కుదరలేదు. లారవెల్ అనే ప్రోగ్రామింగ్ చట్రంతో కట్టిన సైట్లలో సెషన్ మామూలుగా 120 నిమిషాలు. పొద్దున ఫారం తెరిచి మధ్యాహ్నం పంపితే ఇదే జరుగుతుంది. కుకీలు చెరిపే ముందు, రాసిన పెద్ద పేరాలు కాపీ చేసి పెట్టుకుని ఫారం పేజీని కొత్తగా తెరవండి. చాలావరకు అంతటితో సరి.

ఒక్క సైట్‌ది మాత్రమే తీసేయడం

మొదట ఆ సైట్ ట్యాబులు ఒక్కటి ఉంచి మిగతావన్నీ మూసేయండి. వెనక ట్యాబులో నడుస్తున్న స్క్రిప్ట్ మీరు తీసేసిన కుకీని వెంటనే మళ్లీ రాసేయగలదు. “క్లియర్ చేశాను, అయినా పోలేదు” అనే ఫిర్యాదుల్లో ఇదొకటి.

క్రోమ్ కంప్యూటర్‌లో: అడ్రస్‌కి ఎడమవైపున్న గుర్తు నొక్కి, కుకీస్ అండ్ సైట్ డేటా, అందులో మేనేజ్ ఆన్-డివైస్ సైట్ డేటా. వచ్చిన జాబితాలో చెత్తబుట్ట బొమ్మ నొక్కుతూ పోవాలి. ఎడ్జ్‌లో కూడా దాదాపు ఇదే దారి. ఫైర్‌ఫాక్స్‌లో తాళం గుర్తు నొక్కితే క్లియర్ కుకీస్ అండ్ సైట్ డేటా అని నేరుగా ఉంటుంది, ఈ విషయంలో అదే సులువు. మ్యాక్ సఫారీలో సెట్టింగ్స్, ప్రైవసీ, మేనేజ్ వెబ్‌సైట్ డేటా, అక్కడ పేరుతో వెతికి రిమూవ్. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో సఫారీ, అడ్వాన్స్‌డ్, వెబ్‌సైట్ డేటా, ఆ సైట్ పేరును ఎడమకి జరిపితే డిలీట్ వస్తుంది. ఐఓఎస్ 18 నుంచి సఫారీ సెట్టింగ్స్‌లో యాప్స్ అనే విభాగం కిందికి చేరింది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, ఆల్ సైట్స్. అక్కడ సైట్ పేరు నొక్కి డేటా తీసేయాలి. అనుమతులు కూడా రీసెట్ చేసే బటన్ నొక్కితే కెమెరా, లొకేషన్, నోటిఫికేషన్లకు ఇచ్చిన అనుమతులు మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది.

ఎక్కడ వెతికినా సైట్ పూర్తి అడ్రస్ కాకుండా మూల డొమైన్ పేరుతో వెతకండి. లాగిన్ సబ్‌డొమైన్‌ది ఒక గది, ప్రధాన డొమైన్‌ది ఒక గది అని విడివిడిగా కనబడొచ్చు. ఒకటి తీసి రెండోది వదిలేస్తే పైన చెప్పిన జంట కుకీల గొడవ అలాగే ఉంటుంది. లాగిన్ ఇంకో కంపెనీ అకౌంట్‌తో అవుతుంటే ఆ కంపెనీ కుకీలకు ఇప్పుడే చేయి పెట్టకండి, అవి చివరి మెట్టు.

తీసేశాక ట్యాబ్ మూసి, కొత్త ట్యాబులో హోమ్ పేజీ అడ్రస్ టైప్ చేసి వెళ్లండి. బుక్‌మార్క్ నుంచి వద్దు. చాలామంది లాగిన్ పేజీని బుక్‌మార్క్ చేసుకుంటారు, ఆ అడ్రస్ చివర ఒకసారి మాత్రమే చెల్లే పొడవాటి కోడ్ అతుక్కుని ఉంటుంది. కుకీలు ఎంత శుభ్రంగా ఉన్నా ఆ చెల్లని కోడ్‌తో వెళ్తే ఎర్రర్ తప్పదు.

మొత్తం తుడవక తప్పకపోతే

కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కితే క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింట్లోనూ క్లియర్ చేసే పెట్టె వస్తుంది. అందులో టైమ్ రేంజ్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. “లాస్ట్ అవర్” అని ఉన్నదాన్ని అలాగే వదిలేస్తే ఆ గంటలో పుట్టినవే పోతాయి. గొడవ పెడుతున్న కుకీ మూడు నెలల కిందటిది. “ఆల్ టైమ్” పెట్టాలి. కుకీలు, క్యాచీ రెండూ టిక్ చేసి, హిస్టరీ టిక్ తీసేయండి. పాస్‌వర్డ్‌లు, ఆటోఫిల్ అనే బాక్సులు కనిపిస్తే వాటికి అసలు టిక్ పెట్టొద్దు. సింక్ ఆన్‌లో ఉంటే పాస్‌వర్డ్‌లూ హిస్టరీ మీ అకౌంట్ నుంచే, అంటే మీ మిగతా ఫోన్లూ కంప్యూటర్లలో నుంచి కూడా పోతాయి. ఐఫోన్‌లో “క్లియర్ హిస్టరీ అండ్ వెబ్‌సైట్ డేటా” అని రెండిటినీ ఒకే బటన్‌లో కలిపేశారు, అందుకే పైన చెప్పిన వెబ్‌సైట్ డేటా దారే మేలు. ఆ బటన్ బూడిద రంగులో ఉండి నొక్కబడకపోతే స్క్రీన్ టైమ్‌లో వెబ్ కంటెంట్ ఆంక్షలు ఉన్నాయేమో చూడండి.

ముందే తెలుసుకోవాల్సింది ఇంకొంత ఉంది. అన్ని సైట్లలోనూ లాగౌట్ అవుతారు. “ఈ పరికరాన్ని గుర్తుంచుకో” అన్నది కూడా కుకీయే కాబట్టి ఓటీపీలు మళ్లీ మొదలవుతాయి. ఓటీపీ వచ్చే ఫోన్ చేతిలో లేనప్పుడు ఈ పని పెట్టుకోకండి. బ్రౌజర్‌లో తెరిచే వాట్సాప్‌ని మళ్లీ ఫోన్‌తో జత చేయాలి. ఆఫ్‌లైన్‌లో రాసి ఇంకా సర్వర్‌కి చేరని డాక్యుమెంట్ మార్పులు ఉంటే అవి తిరిగిరావు, ముందు నెట్ కలిపి సేవ్ అయ్యాయని చూసుకోండి. ఫోన్‌లో యాప్ సెట్టింగ్స్‌కి వెళ్లి బ్రౌజర్ యాప్ “క్లియర్ స్టోరేజ్” నొక్కడం అయితే ఇంకా మోటు పని, తెరిచిన ట్యాబులతో సహా ఊడ్చేస్తుంది.

కుకీలకు సంబంధం లేని ఎర్రర్లు

502, 503, 504 సర్వర్ వైపు జబ్బులు, కాసేపు ఆగడమే మందు. 500 కూడా సాధారణంగా అంతే. ఎప్పుడైనా వింత కుకీని చూసి ప్రోగ్రాం తడబడ్డా 500 వస్తుంది, అది ఇన్‌కాగ్నిటోలో తేలిపోతుంది. సైట్ అడ్రసే దొరకలేదనే డీఎన్‌ఎస్ ఎర్రర్లు, కనెక్షన్ టైమ్‌డ్ అవుట్ లాంటివి కుకీ పంపే దశ దాకా కూడా రాకముందే ఆగిపోయినవి. సర్టిఫికెట్ తేదీ ఎర్రర్ ఒకే సైట్‌లో వస్తే వాళ్లు రెన్యువల్ మర్చిపోయి ఉండొచ్చు, అన్ని సైట్లలో వస్తే మళ్లీ మీ గడియారమే చూడాలి.

రోజూ బ్రౌజర్ తెరవగానే అన్ని సైట్లూ లాగిన్ అడుగుతుంటే అది దీనికి తలకిందులు సమస్య: బ్రౌజర్ మూసినప్పుడు కుకీలు చెరిపే సెట్టింగ్ ఆన్‌లో ఉండి ఉంటుంది, లేదా ఏదో క్లీనర్ యాప్ ఊడుస్తోంది. వాట్సాప్, మెయిల్ లాంటి యాప్‌లో లింక్ నొక్కినప్పుడు మాత్రమే ఎర్రర్ వస్తుంటే, ఆ పేజీ యాప్ లోపలి బ్రౌజర్‌లో తెరుచుకుంటోందేమో చూడండి. దానికి కుకీలు వేరుగా ఉండొచ్చు, క్రోమ్‌లో ఎంత తుడిచినా దానికి సోకదు. బయటి బ్రౌజర్‌లో తెరిచే ఆప్షన్ మెనూలో ఉంటుంది. క్రోమ్‌లో రెండు ప్రొఫైళ్లు వాడేవాళ్లకూ ఇదే మాట, ఒకదాంట్లో తుడిస్తే రెండోదాంట్లో అలాగే ఉంటుంది.

కుకీలు తీసేశాక బాగై, కొన్నాళ్లకు అదే సైట్ అదే ఎర్రర్ ఇస్తే ఇక తప్పు సైట్ వాళ్లదే. వాళ్లకి రాసేటప్పుడు “సైట్ పనిచేయట్లేదు” అని రాస్తే మళ్లీ మొదటి జవాబే వస్తుంది. ఎర్రర్ నంబరు, సమయం, బ్రౌజర్ వెర్షన్, ఇన్‌కాగ్నిటోలో పనిచేసిందా లేదా, ఎఫ్12లో రెండుసార్లు కనబడ్డ లేదా అన్నిటికంటే పెద్దగా ఉన్న కుకీ పేరు రాయండి. కుకీ విలువ మాత్రం కాపీ చేయకండి, స్క్రీన్‌షాట్‌లో ఉంటే కనబడకుండా కప్పేయండి. లాగిన్ కుకీ విలువ చేతికొస్తే పాస్‌వర్డ్ లేకుండానే మీ అకౌంట్‌లోకి వెళ్లొచ్చు.